రెండు నెలలు తాళం పడబోయే పెంకుటింటికి దొంగల భయం లేకుండా ఏం చేయాలి? (కోనసీమ)

గౌతమీతీరం:

సభ్యులందరికీ నమస్కారం. మాది కోనసీమలో గౌతమీ పాయ ఒడ్డున ఉన్న చిన్న గ్రామం. నాన్నగారు పోయిన తరువాత 71 ఏళ్ళ మా అమ్మ ఆ ఇంట్లో ఒంటరిగా ఉంటోంది. నేను హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాను. శ్రావణం నుంచి దసరా వరకు అమ్మ నా దగ్గర ఉంటానన్నది కనుక, ఈసారి ఇంటికి రెండు నెలలకు పైగా తాళం వేయవలసి వస్తోంది.

పోయిన నెలలో మా వీధి చివరి ఇంటివారు పెళ్ళికి వెళ్ళి రెండు రాత్రులు ఊళ్ళో లేరు. పెరటి తలుపును గునపంతో పెకలించి, బీరువా తెరిచి, ఉన్నదంతా పట్టుకుపోయారు. ఆ రాత్రి వాన పడుతోంది, కప్పల మోతలో పక్కింటివారికి కూడా ఏమీ వినిపించలేదు. అప్పటి నుంచి అమ్మకు సరిగా నిద్ర పట్టడం లేదు.

మా ఇంటికి ముందు అరుగు, మధ్యలో మండువా, వెనుక వంటిల్లు, పెరడు ఉన్నాయి. పెరటిని ఆనుకుని కొబ్బరితోట, తోట దాటితే కాలువగట్టు. తోట వైపు గోడ లేదు, కొబ్బరిమట్టల దడి మాత్రమే ఉంది. మే నెలలో కిటికీలు మూసుకుని పడుకోవడం అసాధ్యం. నేను 40 వేల రూపాయల వరకు ఖర్చు చేయగలను. కెమెరాలు పెట్టించాలా, ప్రహరీ కట్టించాలా, ఇంకేదైనా చేయాలా అన్నది తేల్చుకోలేకపోతున్నాను.

కొయ్యపని:

అయ్యా, నేను అంబాజీపేట వైపు ముప్పై ఏళ్ళుగా తలుపులు, గుమ్మాలు చేస్తున్నాను. దొంగలు పడిన ఇళ్ళకు మరమ్మతుకు కూడా నన్నే పిలుస్తారు కాబట్టి, వారు ఎక్కడి నుంచి లోపలికి వచ్చారో చాలాసార్లు నేను కళ్ళారా చూశాను. వీధి గుమ్మానికి టేకు తలుపు, దానికి ఖరీదైన తాళం, పెరటి గుమ్మానికి మామిడి పలకల తలుపు, దానికి అరంగుళం మరలతో బిగించిన గొళ్ళెం, మన ఊళ్ళలో పది ఇళ్ళకు ఎనిమిది ఇళ్ళు ఇలాగే ఉంటాయి. వీధి తలుపు జోలికి ఎవరూ వెళ్ళరు. తోట వైపు నుంచి వచ్చినవాడికి చీకటి ఉంది, కావలసినంత సమయం ఉంది, చూసేవారు లేరు.

మన వాతావరణంలో ఇంకొక చిక్కు ఉంది. వానాకాలంలో చెక్క ఉబ్బి తలుపు పట్టేస్తుంది. వెంటనే వడ్రంగిని పిలిచి అంచు చిత్రిక పట్టిస్తారు. ఎండాకాలం రాగానే అదే తలుపు ఎండి కుంచించుకుపోయి, రెక్కకూ గుమ్మానికీ మధ్య వేలు పట్టేంత సందు పడుతుంది, గునపం మొన దూరడానికి ఆ సందు చాలు. అందువల్ల ఉబ్బినప్పుడు చిత్రిక పట్టించవద్దు, ముందే ఎండిన కాలంలో అన్ని అంచులకూ, ముఖ్యంగా కింది అంచుకూ పై అంచుకూ, రంగు వేయించి తేమ పీల్చకుండా చేయండి. ఇప్పటికే సందు పడి ఉంటే దాని మీద లోపలి నుంచి నిలువునా ఇనుప పట్టీ బిగించండి.

పెరటి గుమ్మం విషయంలో నా సలహా ఇది. మొదట గుమ్మానికి చెదలు పట్టిందేమో సూదితో పొడిచి చూడండి. సూది మెత్తగా దిగిపోతే ఎంత మంచి గొళ్ళెం పెట్టినా ప్రయోజనం ఉండదు, ఆ గుమ్మాన్నే మార్చాలి. గుమ్మం గట్టిగా ఉంటే గొళ్ళేలకు, మడతబందులకు ఉన్న పొట్టి మరలు తీసేసి మూడంగుళాల మరలు వేయించండి, అవి గుమ్మం లోతుకు దిగి పట్టుకుంటాయి. మడతబందుల సీలలు బయటికి కనిపిస్తుంటే వాటిని కొట్టి ఊడదీయవచ్చు, కాబట్టి తలుపు మూసినప్పుడు రెక్కలో నుంచి గుమ్మంలోకి దూరే రెండు ఇనుప ముళ్ళు ఆ వైపున పెట్టించండి. ఆపైన మన తాతల కాలపు అడ్డగడియ, అంటే గోడలో రెండు వైపులా కొక్కేలు పెట్టి అడ్డంగా వేసే బలమైన కర్ర, ఎంతో గట్టి కాపలా. ఈ మొత్తానికి మీరు అనుకున్న డబ్బులో పావు వంతు కూడా కాదు.

మీది పెంకుటిల్లు అన్నారు. పది పెంకులు తీస్తే మనిషి దిగిపోగలడు. బీరువా ఉన్న గది వరకైనా వాసాల కింద ఇనుప మెష్ వేయించండి. నిచ్చెన, కొబ్బరికాయలు కోసే గడ, గునపం, పార ఏవీ పెరట్లో వదలకండి. నేను చూసిన ఇళ్ళలో సగానికి సగం ఆ ఇంటి సామానుతోనే తెరిచారు.

గౌతమీతీరం:

పెరటి తలుపు సంగతి మీరు మా ఇంటిని చూసి చెప్పినట్టే ఉంది. మా గునపం కూడా బావి దగ్గరే ఉంటుంది. అమ్మకు ఇప్పుడే ఫోన్ చేసి లోపల పెట్టించాను.

విశ్రాంత హెడ్ కానిస్టేబుల్:

ఉభయ గోదావరి జిల్లాల్లో స్టేషన్ విధులు చేసి విశ్రాంతి తీసుకున్నాను. ఇంట్లో మనుషులు లేరని దొంగకు తెలియకుండా చూసుకోవడమే మన మొదటి పని అని నా అనుభవం. వాకిట్లో కళ్ళాపి పడలేదు, ముగ్గు లేదు, గేటుకు బయటి వైపు పెద్ద తాళం వేలాడుతోంది, అరుగు మీద ఎండుటాకులు చేరాయి, రాత్రంతా వెలిగిన వీధి అరుగు దీపం మధ్యాహ్నం పన్నెండింటికి కూడా వెలుగుతూనే ఉంది. పగటిపూట ఏదో ఒక నెపంతో వీధిలో తిరిగిపోయినవాడికి ఇవన్నీ చెప్పకనే చెబుతాయి. మూడు రోజులు ముగ్గు పడని వాకిలి చూశాక ఎవరినీ అడిగి తెలుసుకోవలసిన పని ఉండదు.

కనుక మీ పక్కింటి ఇల్లాలిని, లేదా పనిమనిషిని, రోజూ పొద్దున్నే మీ వాకిలి కూడా ఊడ్చి ముగ్గు వేయమని అడగండి. దానికి నెలకు కొంత ముట్టజెప్పండి. గేటు తాళం లోపలి వైపు నుంచి వేయండి. చీకటి పడగానే వెలిగి తెల్లవారగానే ఆరిపోయే బల్బులు ఇప్పుడు ఏ ఎలక్ట్రికల్ దుకాణంలోనైనా దొరుకుతాయి, వీధి వైపు ఒకటి, పెరటి వైపు ఒకటి పెట్టండి. వీధి స్తంభానికి దీపం వెలగకపోతే పంచాయతీ కార్యదర్శికి కాగితం మీద రాసి ఇవ్వండి.

తాళాలు తులసికోటలో, మీటరు పెట్టె మీద, చూరులో దాచడం మానుకోండి. అక్కడ ఉంటాయని మీకు తెలిసినట్టే వారికీ తెలుసు. బీరువా తాళం ఆ బీరువా మీదనే, బట్టల కింద పెట్టే అలవాటు వల్ల నా ఉద్యోగకాలంలో ఎన్ని కుటుంబాలు బంగారం పోగొట్టుకున్నాయో లెక్క చెప్పలేను.

వెళ్ళే ముందు స్టేషన్‌కు వెళ్ళి, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ఉండరో, తాళాలు ఎవరి దగ్గర ఉన్నాయో రాసి ఇవ్వండి. రాత్రి గస్తీ వారు ఆ వీధిలో ఆగి చూస్తారు. తాళం వేసిన ఇళ్ళ కోసం ఆంధ్రప్రదేశ్ పోలీసులు ఎల్‌హెచ్‌ఎంఎస్ అనే ఏర్పాటు తెచ్చారు. మనం ఊరెళ్తున్నట్టు నమోదు చేసుకుంటే, ఇంట్లో కదలికను పట్టే కెమెరా వారే పెట్టి, ఎవరైనా కదిలినప్పుడు కంట్రోల్ రూముకు హెచ్చరిక వెళ్ళేలా చేస్తారు. దానికి రుసుము లేదు. మీ స్టేషన్‌లో కెమెరా ఖాళీగా ఉందేమో కనీసం పది రోజుల ముందే అడగండి.

ఒకవేళ జరగరానిది జరిగితే లోపలికి వెళ్ళి సర్దకండి, బీరువాను ముట్టుకోకండి, పదిమందిని లోపలికి రానివ్వకండి. వేలిముద్రలు పాడయ్యేది ఆ మొదటి అరగంటలోనే. 112కు ఫోన్ చేయండి. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టం ప్రకారం, మీరు హైదరాబాదులో ఉన్నా ఎలక్ట్రానిక్ పద్ధతిలో ఫిర్యాదు పంపవచ్చు, మూడు రోజుల్లోగా సంతకం చేయాలి. ఎఫ్‌ఐఆర్ ప్రతి ఉచితంగా ఇవ్వాలి. నివాసంలో దొంగతనానికి భారతీయ న్యాయ సంహిత 305వ సెక్షన్ కింద ఏడేళ్ళ వరకు జైలు ఉంది. రాత్రివేళ దొంగతనం కోసం ఇల్లు పగలగొట్టి దూరితే 331వ సెక్షన్ కింద పద్నాలుగేళ్ళ వరకు పడవచ్చు.

తోటరైతు:

ఇంత తతంగం ఎందుకండీ? తోట వైపు ఇనుప తీగ కట్టి రాత్రిపూట కరెంటు కలిపితే ఎవడూ అడుగు పెట్టడు. మా బంధువుల ఊళ్ళో పందుల కోసం అలాగే చేస్తారు.

విశ్రాంత హెడ్ కానిస్టేబుల్:

తోటరైతు గారూ, దయచేసి ఆ ఆలోచనను ఇక్కడితో వదిలేయండి. మన రెండు రాష్ట్రాల్లోనూ అడవిపందుల కోసం పెట్టిన కరెంటు తీగకు తగిలి తోటి రైతులు, కూలీలు, కొన్నిచోట్ల తీగ కట్టినవారే చనిపోయారు. అటువంటి శవపంచనామాలకు నేను స్వయంగా వెళ్ళాను. తెల్లవారుజామున బహిర్భూమికి వెళ్ళిన ముసలమ్మ, దూడను వెతుక్కుంటూ వచ్చిన పిల్లవాడు, కొబ్బరికాయల దింపుకు ముందుగా వచ్చిన కార్మికుడు, వీరిలో ఎవరో ఒకరు ఆ తీగకు తగులుతారు. తడి నేల, వానాకాలం కనుక కోనసీమలో ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ. మనిషి ప్రాణం పోతే తీగ కట్టినవారు జైలుకు వెళ్తారు. ఆస్తి కాపాడుకోవడానికి చట్టం ఆత్మరక్షణ హక్కు ఇచ్చింది. అయితే అవసరానికి మించి హాని చేయకూడదని అదే చట్టం చెప్పింది.

తోటరైతు:

మీరు చెప్పినది విన్న తరువాత నేను అన్నది తప్పని ఒప్పుకుంటున్నాను. మా దింపు కార్మికులు ఐదు గంటలకే తోటలో ఉంటారన్న సంగతి రాసేటప్పుడు నాకు తట్టలేదు. దడి స్థానంలో ముళ్ళ వెదురు గానీ, కాగితంపూల చెట్టు గానీ ఒత్తుగా పెంచితే రెండేళ్ళలో మనిషి దూరలేని కంచె అవుతుంది. నడుము ఎత్తుకు మించి పెరగనీయకుండా కత్తిరించాలి, లేకపోతే దాని వెనుకే దాక్కుంటారు.

ఇంకొక మాట. దింపు రోజున, కాయల డబ్బు చేతికి వచ్చిన రోజున, ఇంట్లో ఎంత ఉందో ఊరంతటికీ తెలుస్తుంది. వ్యాపారిని డబ్బు ఖాతాలో వేయమని అడగండి. నేను రెండేళ్ళుగా అలాగే చేస్తున్నాను.

కెమెరా సాంకేతికుడు:

కెమెరాలు అమర్చి బతుకుతున్న నేనే ఈ మాట చెబుతున్నాను. పెరటి తలుపు గట్టిపడకముందు కెమెరా కొనకండి. కెమెరా చూస్తుంది, ఆపదు. మీరు హైదరాబాదులో రాత్రి రెండింటికి ఫోన్ మోగితే లేచి, ఊళ్ళో ఎవరికి ఫోన్ చేస్తారన్నది ముందే నిర్ణయించుకోకపోతే ఆ హెచ్చరిక వల్ల బాధ తప్ప ఫలితం ఉండదు.

తీరప్రాంతపు తేమలో కెమెరాలకు వచ్చే ఇబ్బందులు పట్టణపు దుకాణంవారు చెప్పరు. రాత్రిపూట కెమెరా చుట్టూ పురుగులు మూగుతాయి, వాటి కోసం సాలెపురుగు అద్దం ముందే గూడు కడుతుంది, గాలికి ఆ దారం ఊగిన ప్రతిసారీ మీకు హెచ్చరిక వస్తుంది. వారం రోజులు అలా వచ్చాక ఎవరైనా హెచ్చరికలు ఆపేస్తారు, నేను చూసిన ఒక ఇంట్లో ఆపేసిన తరువాతనే దొంగలు పడ్డారు. కాబట్టి దీపాన్ని కెమెరాకు నాలుగైదు అడుగుల దూరంలో పెట్టి, పురుగులు అటు వెళ్ళేలా చేయాలి. పదిహేను రోజులకు ఒకసారి బూజుకర్రతో తుడవడానికి ఒక మనిషి ఉండాలి. ఒంటి వేడిని బట్టి కదలికను గుర్తించే సెన్సర్లు, గాలి వేడి మనిషి ఒంటి వేడికి దగ్గరగా ఉండే మే నెలలో మందగిస్తాయి. ఉప్పుగాలికి మామూలు ఇనుప మరలు ఏడాదిలో తుప్పు పట్టి కెమెరా కిందికి వాలిపోతుంది, స్టీలు మరలే వాడించండి. పిడుగులు పడే కాలంలో రౌటరుకు రక్షణ ఉన్న ప్లగ్గు, కరెంటు పోయినప్పుడు నడవడానికి చిన్న ఇన్వర్టరు తప్పనిసరి. మీ ఇంటికి రెండు కెమెరాలు చాలు, ఒకటి పెరటి గుమ్మాన్ని, ఒకటి బీరువా గదిని చూడాలి.

రాజోలు అత్తయ్య:

నాయనా గౌతమీతీరం, నాకు 66 ఏళ్ళు, పదేళ్ళుగా ఒక్కదాన్నే ఉంటున్నాను. మా అమ్మాయి కువైట్‌లో పని చేస్తుంది. మా వైపు చాలా ఇళ్ళలో ఇదే పరిస్థితి, కువైట్ నుంచి డబ్బు వస్తుందని అందరికీ తెలుసు, ఇంట్లో ముసలివాళ్ళు తప్ప ఎవరూ ఉండరనీ తెలుసు. అందరూ తాళం వేసిన ఇంటి గురించే చెబుతున్నారు కాబట్టి, మనిషి ఉన్న ఇంటి గురించి నేను చెబుతాను.

పట్టపగలు బంగారానికి మెరుగు పెడతామని ఇద్దరు వస్తారు. ముందు ఇత్తడి చెంబు తళతళలాడేలా తోమి చూపిస్తారు, తరువాత మెడలో గొలుసు అడుగుతారు. ఆసిడ్‌లో ముంచితే బంగారం కొంత కరిగి అందులోనే ఉండిపోతుంది, గొలుసు తేలికైన సంగతి మనకు తూకం వేస్తే గాని తెలియదు. మా పిన్నికి అలాగే జరిగింది. అవమానంతో కొడుకుకు కూడా ఆరు నెలలు చెప్పలేదు. మీ అమ్మగారికి ఈ సంగతి నువ్వే మెల్లగా చెప్పు, కోప్పడుతున్నట్టు కాకుండా చెప్పు.

వేసవిలో మంచం కిటికీ పక్కన వేసుకోవద్దని చెప్పు. ఊచల మధ్య నుంచి కర్రకు కొక్కెం కట్టి ఫోన్లు, సంచులు లాగేస్తారు. మెడలో గొలుసు కూడా లాగిన సంఘటన మా పక్క వీధిలో జరిగింది. కిటికీ మూయనక్కరలేదు, ఊచలకు లోపలి వైపు స్టీలు దోమజాలి బిగిస్తే గాలి వస్తుంది, చెయ్యి రాదు. నేను ఒక ఊరకుక్కకు రోజూ అన్నం పెడతాను, నాలుగు గిన్నెకోళ్ళను పెంచుతున్నాను. కొత్త మనిషి తోటలో అడుగు పెట్టగానే అవి అరిచే అరుపుకు వీధంతా లేస్తుంది.

గద్వాల సేద్యం:

ఒక విషయం చెప్పకుండా ఉండలేకపోతున్నాను. మీ ఊళ్ళో దొంగతనం జరిగింది కనుక ఈపాటికి వాట్సాప్‌లో ఫొటోలు, ఏదో ముఠా దిగిందన్న సందేశాలు తిరుగుతూ ఉంటాయి. 2018 మే నెలలో మా వైపు అదే జరిగింది. పార్థీ అనే సంచారజాతి ముఠా వచ్చిందని, పిల్లలను ఎత్తుకుపోతున్నారని పుకార్లు రేగి, జనం రాత్రులు కర్రలు పట్టుకుని కాపలా కాశారు, తెలుగు రాష్ట్రాల్లో పలుచోట్ల అమాయకులను కొట్టారు, ప్రాణాలు కూడా పోయాయి. అప్పుడు జోగులాంబ గద్వాల, వనపర్తి జిల్లాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి గారు గ్రామానికొక పోలీసును కేటాయించి, డప్పులతో, పాటలతో ఊరూరా ఆ పుకార్ల మీద అవగాహన కల్పించారు.

ఫలానా కులంవారు, ఫలానా సంచారజాతివారు దొంగలు అన్న మాట 1871లో తెల్లదొరలు చేసిన నేరస్థ జాతుల చట్టం నుంచి వచ్చింది. 1952లో ఆ చట్టం పోయినా మన నోళ్ళలో మాట మాత్రం పోలేదు. దుప్పట్లు అమ్ముకునేవారిని, గంగిరెద్దులవారిని చుట్టుముట్టి కొట్టడం వల్ల ఏ ఇల్లూ భద్రం కాదు. యువకులు గస్తీ తిరగాలనుకుంటే స్టేషన్‌కు పేర్లు ఇచ్చి, టార్చి, ఈల పట్టుకుని తిరగాలి. అనుమానం వస్తే 112కు చెప్పాలి, మనిషి మీద చెయ్యి వేయకూడదు.

బ్యాంకు ఉద్యోగి:

బంగారం గురించి నాలుగు మాటలు. ఏడాదికి రెండుసార్లు పెట్టుకునే నగలు ఇంట్లో ఉండనవసరం లేదు. రిజర్వు బ్యాంకు 2022 జనవరి 1 నుంచి అమలు చేసిన నియమాల ప్రకారం, లాకరులో దొంగతనం, దోపిడీ, అగ్నిప్రమాదం, లేదా సిబ్బంది మోసం జరిగితే బ్యాంకు బాధ్యత లాకరు వార్షిక అద్దెకు వంద రెట్ల వరకు ఉంటుంది. ఆ మొత్తం మీ నగల విలువ కంటే తక్కువ కావచ్చు, అయినా పెంకుటింటి బీరువా కంటే లాకరు ఎన్నో రెట్లు మేలు.

ఇంటి బీమా తీసుకునేవారు ఒకటి గమనించండి. 2021 ఏప్రిల్ నుంచి అన్ని కంపెనీలూ అమ్ముతున్న భారత్ గృహ రక్ష పాలసీ ప్రధానంగా అగ్ని, తుఫాను, వరద వంటి వాటికి. అటువంటి ప్రమాదం జరిగిన ఏడు రోజుల్లోగా జరిగిన దొంగతనానికే అందులో రక్షణ ఉంటుంది. మామూలు దొంగతనానికి వేరుగా అడిగి తీసుకోవాలి. ప్రతి నగకు ఫొటో తీసి, తూకం, బిల్లు కలిపి పెట్టుకోండి. సొత్తు దొరికినప్పుడు ఇది మాదేనని నిరూపించేది ఆ కాగితాలే. స్వాధీనం చేసుకున్న నగలను ఫొటోలు, పంచనామా తీసి త్వరగా సొంతదారుకు అప్పగించాలని సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది, న్యాయవాది ద్వారా దరఖాస్తు పెట్టుకోవచ్చు.

లంకవాసి:

మీరు గౌతమి ఒడ్డువారు కనుక వరద సంగతి కూడా చూసుకోవాలి. 2022 జూలై వరదలో మా లంక మొత్తం మునిగి, పునరావాస కేంద్రంలో ఉన్నాము. చీకట్లో పడవల మీద ఖాళీ ఇళ్ళ మధ్య తిరిగేవారు కొందరు ఉంటారన్న భయంతో ప్రతి ఇంటి నుంచి ఒక మగమనిషి డాబా మీద ఉండిపోయాడు, అది దొంగల కంటే ప్రమాదకరమైన పని. మీరు వెళ్ళే రెండు నెలలూ వరద నెలలే. పాసు పుస్తకాలు, దస్తావేజులు, ఆధార్ కార్డులు ఇంట్లో ఉంచకుండా అమ్మగారితో పాటు తీసుకువెళ్ళండి.

గౌతమీతీరం:

మూడు వారాల తరువాత రాస్తున్నాను. పెరటి గుమ్మానికి సూదితో పొడిచి చూస్తే కింది నుంచి అడుగున్నర మేర సగం చెదలే. గుమ్మం, తలుపు రెండూ మార్పించి, అడ్డగడియ పెట్టించి, బీరువా గదిపై మెష్ వేయించాను. కిటికీలకు జాలి, రెండు బల్బులు కలిపి మొత్తం 31 వేల రూపాయలు అయింది. కెమెరా ఒకటే, బీరువా గదికి. ప్రహరీ ఆలోచన మానుకున్నాను. నగలు అమలాపురంలోని లాకరుకు చేర్చాము. స్టేషన్‌లో తేదీలు రాసి ఇచ్చాను.

అమ్మకు మెరుగు పెట్టేవారి సంగతి అత్తయ్య గారు చెప్పినట్టే మెల్లగా చెప్పాను. కాసేపు ఊరుకుని, నాలుగేళ్ళ క్రితం తన గాజులు అలా ఇచ్చానని చెప్పింది. నాన్నగారికి కూడా చెప్పలేదట.

తాళాలు ఎవరికి ఇవ్వాలన్న దగ్గర మా ఇద్దరికీ మాట తేడా వచ్చింది. నేను దూరపు బంధువుల పేరు చెప్పాను. అమ్మ మాత్రం ఎదురింటి సుబ్బమ్మత్తకే ఇస్తానన్నది. ముగ్గు వేసేది కూడా ఆవిడే. డబ్బు ఇస్తానంటే తీసుకోనని, వచ్చేటప్పుడు హైదరాబాదు నుంచి మంచి ముగ్గుగొట్టం ఒకటి పట్టుకురమ్మని అడిగింది. ఆ గొట్టం ఎక్కడ దొరుకుతుందో తెలిసినవారు దయచేసి చెప్పండి.

రాజోలు అత్తయ్య:

నాయనా, చార్మినార్ దగ్గర లాడ్ బజార్ వైపు వెతుకు. దొరకకపోతే నాకు రాయి, మా ఊరి తీర్థంలో, అంటే జాతరలో, కొని పంపిస్తాను.